అభ్యంతరాలకు తొంభై రోజులు

ప్రభుత్వం తన మాట వినడం రౌధా పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. స్ఫాక్స్ రేవులో కెర్కెన్నా దీవులకు వెళ్ళే పడవ ఎక్కిన దగ్గర్నుంచీ ఆమె మొహం మీద నవ్వు చెరగలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ ఆ నవ్వు చూసి ఉండబట్టలేక, "సంబంధం ఏమైనా కుదిరిందా తల్లీ?" అని అడిగేసింది. నలభై ఆరేళ్ళకు సంబంధమేమిటని విసుక్కోలేదు రౌధా. "కుదిరింది పిన్నీ. నాకు కాదు, గడ్డికి," అంది. ముసలావిడ అదోలా చూసి, సంచీ ఒళ్ళోకి లాక్కుని కాస్త దూరం జరిగి కూర్చుంది.

గడ్డంటే మేకలు మేసేది కాదు. గాబెస్ అఖాతం అడుగున పెరిగే సముద్రపు గడ్డి. చేప గుడ్లు పెట్టేది అందులో, పిల్లలు తల దాచుకునేది అందులో, ఆక్టోపస్ పొంచి కూర్చునేదీ అందులోనే. ఒకప్పుడు ఆ అఖాతమంతా పచ్చిక బయలే. ఒడ్డున ఫ్యాక్టరీలు వదిలిన బురద సగం తినేసింది. అడుగంతా గీక్కుంటూ పోయే సంచి వలలు మిగతా సగాన్ని తింటూ వచ్చాయి. ఈ గడ్డి ఏడాదంతా కష్టపడితే వేలి గోరంత జరుగుతుంది. ఒకసారి వేళ్ళతో సహా లేచిపోయిందంటే, మళ్ళీ పరుచుకోవడం చూడటానికి మునిమనవళ్ళ ఆయుష్షు కూడా చాలదు.

అలాంటిది, కెర్కెన్నాకు తూర్పున, లెల్లా మెట్ట అని జాలర్లు పిలిచే చోట వెయ్యి ఎకరాల గడ్డి చెక్కుచెదరకుండా మిగిలి ఉంది. రౌధా బతుకంతా దాని చుట్టూనే తిరిగింది. అదొక్కటి దక్కితే చాలు, తాను చదివిన చదువుకు అర్థం ఉన్నట్టే అనుకునేది.

రాబోయే పదేళ్ళలో సముద్ర శాస్త్రం దేశానికి ఏం చేసిపెట్టాలో తేల్చమని రాజధానిలో ఒక కమిటీ వేశారు. అందులో సూట్లున్నాయి, చల్లటి గదులున్నాయి, బాదం బిస్కట్లున్నాయి. ఉపగ్రహాలన్నారు, నీలి ఆర్థికమన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. చివరికి నీరసం వచ్చి, రౌధా రాసిచ్చిన ఒక్క వాక్యాన్ని మొదటి ప్రాధాన్యంగా పెట్టుకున్నారు. బతికున్న గడ్డి ఎక్కడుందో ముందు కొలవాలి, కొలిచిన చోటికి వెంటనే చట్టాన్ని కాపలా పెట్టాలి. అంతే. మొదట లెల్లా మెట్ట. మ్యాప్ పది మీటర్ల తేడాకి మించకూడదన్నారు. రౌధా మూడు మీటర్లలోపు ఇచ్చింది. గడ్డి అంచులు, నీటి లోతులు, చుట్టూ ఉన్న ఇసుక మేటలు, వాటి మధ్యనుంచి పడవ లోపలికి పోగలిగే సన్నటి పాయ, అన్నీ అందులో ఉన్నాయి. ఆ మ్యాప్ తెర మీద వెలిగినప్పుడు కమిటీ కార్యదర్శి నౌఫెల్ లేచి చప్పట్లు కొట్టాడు. రౌధాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది.

ఆ మ్యాప్ ఆమె ఒక్కతే గీసింది కాదు. సగం ఆమె మేనమామ, ముసలి జాలరి రయీస్ జిలానీ గీయించింది.

కెర్కెన్నాలో చేపల చోటు గుర్తులు నేల మీద పలకరు. పాత కోట మూల మసీదు మీనారుతో కలిసినప్పుడు ఒక గీత, ఫలానా ఖర్జూరపు చెట్టు ఫలానా తెల్ల గోడ దాటినప్పుడు ఇంకో గీత. ఆ రెండూ కలిసిన చోటు ఒక ఇంటి ఆస్తి. దాన్ని తండ్రి కొడుక్కి పడవలో, నీళ్ళ మీద, గాలి అటు మళ్ళినప్పుడు చెవిలో చెప్తాడు. ఇంట్లో చెప్పడు, కాఫీ కొట్లో అసలే చెప్పడు, భార్యక్కూడా చెప్పడు. లెల్లా మెట్ట గుర్తులు దీవి మొత్తం మీద మూడిళ్ళకి తెలుసు. అందులో రెండిళ్ళ వాళ్ళు ఎప్పుడో పోయారు.

జిలానీకి శౌకీ అని కొడుకున్నాడు. తెరచాప పడవ అమ్మేసి, పెద్ద మోటారు, సంచి వల కొన్న రోజునుంచి తండ్రి అతనితో మాట్లాడటం మానేశాడు. గుర్తులు చెప్పలేదు. చెప్పనని తెగేసి చెప్పాడు. రెండేళ్ళ కింద చెల్లెలి కూతురు వచ్చి అడిగితే మాత్రం, నెల రోజులు నీళ్ళు నమిలి, ఒక పొద్దున పడవెక్కమన్నాడు.

"మీ అమ్మ మొహం చూసి చెప్తున్నా. నీ డిగ్రీ చూసి కాదు," అన్నాడు ఆ రోజు చుక్కాని పట్టుకుని. "దీన్నేం చేస్తావ్?"

"కొలిచి, కాగితం మీద పెట్టి, ఎవడూ ముట్టుకోకుండా చేయిస్తా మామయ్యా."

"నేను కూడానా?"

"ఆక్టోపస్ కోసం నువ్వు దించే కుండలకేం ఢోకా లేదు. గడ్డిని గీకేవాళ్ళనే ఆపుతారు."

"మీ వాళ్ళా! దీవికి నీటి గొట్టం వేయడానికే పదకొండేళ్ళు పట్టింది వాళ్ళకి." నవ్వాడు జిలానీ. నవ్వుతూనే కోట వైపు చెయ్యి చాపి, "ఆ మూల చూడు," అన్నాడు.

ఇప్పుడు ఆ మామయ్య ఇంటికే శుభవార్త మోసుకొస్తోంది. అత్తయ్య మెన్నానా బార్లీ కుస్కుస్ వండి, పైన ఆక్టోపస్ ముక్కలు, ఎర్రగా హరీసా కారం వేసి పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు.

"మొన్న సోమవారం ప్రకటించారు మామయ్యా! లెల్లా మెట్ట, మ్యాపుతో సహా. ఇంక ప్రభుత్వం డిక్రీ ఇవ్వడమే తరువాయి."

"నా మేనకోడలు మంత్రుల మెడలు వంచిందోయ్," అన్నాడు జిలానీ భార్యతో. "నువ్వేమో దానికి ఇంకో ముక్క వెయ్యడానికి పీనాసితనం చేస్తున్నావ్."

"ముక్కలన్నీ నీ పక్కకే జరుపుకున్నావు కదయ్యా, ఇంక వేసేదేముంది?" అంది మెన్నానా. వేసింది మాత్రం.

"ప్రకటించడమంటే?" అడిగాడు జిలానీ నములుతూ.

"నోటీసు బోర్డు మీద అంటిస్తారు. ఇంటర్నెట్లో పెడతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవాలి కదా. తొంభై రోజులు గడువు. ఆ తర్వాత సంతకం."

జిలానీ నమలడం ఆపాడు.

"ఎవరు చూడొచ్చు దాన్ని?"

"ఎవరైనా."

"ఫోన్లో కూడానా?"

"ఫోన్లో కూడా. నొక్కితే నువ్వెక్కడున్నావో చుక్క కూడా చూపిస్తుంది. చాలా..." రౌధా మాట అక్కడ ఆగిపోయింది. చాలా బాగా చేశాం అనబోయింది. మామయ్య మొహం చూసింది. రెండు మూడు క్షణాలు పట్టింది ఆమెకి. డాక్టరేట్ ఉన్న మనిషికి, పంతొమ్మిదేళ్ళు సముద్రాన్ని కొలిచిన మనిషికి, చదువురాని ఆయనకు నమిలే ముద్దలో అర్థమైంది అర్థం కావడానికి అంతసేపు పట్టింది.

"తొంభై రోజులు," అన్నాడు జిలానీ. చెంచా పళ్ళెంలో పెట్టేసి లేచాడు. "సంచి వల వాళ్ళకి ఫోన్లు లేవనుకున్నారా మీ కమిటీ?"

ఆ మధ్యాహ్నమే రౌధా పెరట్లో అంజూర చెట్టు దగ్గర నిలబడి నౌఫెల్‌కు ఫోన్ చేసింది. నౌఫెల్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఫోన్ పెట్టేయొచ్చు. అతను మర్యాదస్తుడు, కాగితాన్ని నమ్మేవాడు.

"మ్యాప్ తీసెయ్యండి. ఇవాళే," అంది.

"తీసేస్తే ప్రకటన చెల్లదు డాక్టర్ గారూ. ప్రకటన చెల్లకపోతే డిక్రీ చెల్లదు. ఎనిమిది నెలలు వెనక్కి పోతాం."

"పోనీ అటూ ఇటూగా ఉన్న మ్యాప్ ఒకటి పెట్టండి. మైలు తేడాతో."

అవతల అతను నవ్వాడు. "ఈ మాట మీరేనా అంటోంది? పది మీటర్లు చాలంటే, మూడు ఉండాల్సిందేనని మాకు క్లాసు పీకింది మీరు కాదూ?"

"అయితే గస్తీ పడవ పంపండి."

"గస్తీ రక్షిత ప్రాంతానికి. అది ఇంకా రక్షిత ప్రాంతం కాలేదు కదండీ."

"సంచి వల ఎక్కడ వేసినా నేరమే కదా!"

"నేరమే. కాదన్నదెవరు? అఖాతం మొత్తానికి ఉన్నవి రెండు పడవలు, ఒకటి మరమ్మతులో ఉంది. ఓపిక పట్టండి. ఇంతకాలం ఆగిన గడ్డి తొంభై రోజులు ఆగలేదా?"

"నేనే అభ్యంతరం పెడతాను. నా మ్యాప్ మీద నేనే."

"పెట్టొచ్చు. అప్పుడు విచారణ ఉంటుంది. విచారణ ముగిసేదాకా మ్యాప్ బోర్డు మీదే ఉండాలి. మరో అరవై రోజులు."

రౌధా ఫోన్ పెట్టేసింది. అవతలి మనిషి తప్పు ఒక్కటీ మాట్లాడలేదు. ఆ పద్ధతి రాసిన నియమావళి ముసాయిదాలో, ప్రజలకు తెలియకుండా ఏ శాస్త్రీయ సమాచారమూ దాచకూడదని వాదించి ఆ వాక్యం పెట్టించింది కూడా తనే.

వారం రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. తీర రక్షణ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. రేవు అధికారి దగ్గరికి వెళ్ళింది. పేపర్లో రాస్తానన్న విలేకరిని కలిసి, రాస్తే చోటు ఇంకా పదిమందికి తెలుస్తుందని తోచి, వద్దని బతిమాలుకుంది. తర్వాత సెలవు పెట్టి దీవిలోనే ఉండిపోయింది. పొద్దున్నే మామయ్య పడవలో ఇద్దరూ లెల్లా మెట్టకి వెళ్ళేవాళ్ళు. ఒక ముసలాయన, ఒక శాస్త్రవేత్త, అతుకుల తెరచాప. ఎవరైనా వస్తే ఏం చేస్తామని ఇద్దరూ అనుకోలేదు. వెళ్ళడం మాత్రం మానలేదు.

నీళ్ళు అద్దంలా ఉన్న రోజున కింద గడ్డి కనిపించేది. ప్రవాహానికి ఒక్కసారిగా ఒక పక్కకి వాలి, మళ్ళీ లేచేది. జిలానీ తన మట్టి కుండలు ఒక్కొక్కటీ పైకి లాగి, ఆక్టోపస్ దూరిందో లేదో చూసి, లేకపోతే మళ్ళీ దించేవాడు. "ఇది మా నాన్న కుండ," అనేవాడు. ప్రతి మూడో కుండా వాళ్ళ నాన్నదే.

"మామయ్యా, నన్ను తిట్టు ఒకసారి," అంది రౌధా ఒక రోజు.

"తిడితే మ్యాప్ ఊడొస్తుందా?"

"రాదు."

"మరి నోరెందుకు పాడు చేసుకోవాలి?" అని కుండ దించాడు.

ఇరవై మూడో రోజు వాళ్ళొచ్చారు. చీకటి చాటున వచ్చినా కాస్త భయమున్నట్టు ఉండేది. ఎండ నడినెత్తిన ఉండగా వచ్చారు. మొదట నాలుగు పడవలు, తర్వాత పదకొండు, సాయంత్రానికి ముప్ఫై పైనే. ఇసుక మేటల మధ్య పాయలోంచి ఒకదాని వెనక ఒకటి, పెళ్ళి ఊరేగింపులా, చక్కగా వరస కట్టి లోపలికి వచ్చాయి. దారి తెలియక ఆ మేటల మీద ఇరుక్కుపోయిన మోటారు పడవల కథలు దీవిలో బోలెడు. ఆ రోజు ఒక్కటీ ఇరుక్కోలేదు. ప్రతి పడవలోనూ చుక్కాని పక్కన ఫోను తాడుతో కట్టి ఉంది. దగ్గరగా పోయిన పడవలో తెర మీద రంగులు రౌధా గుర్తుపట్టింది. గడ్డికి ఆ ముదురాకుపచ్చ రంగు వేయడానికి ఒక రాత్రంతా ఆలోచించింది తను.

ఇనుప గొలుసులు అడుగున పడ్డ చోట నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. వలలు పైకొస్తుంటే చేపలకంటే ముందు గడ్డి వచ్చింది, చాపలు చాపలుగా, వేళ్ళతో, మట్టితో. పడవ మనుషులు దాన్ని విప్పి పక్కకి విసిరేసి, మిగిలిన వెండి రంగు చేప పిల్లల్ని పెట్టెల్లోకి ఎత్తారు. రౌధా పడవ అంచున నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే గుర్తు లేదు. ఒకడు నవ్వి చెయ్యి ఊపాడు.

మూడో వరసలో నీలం పడవ వాళ్ళ పక్కకి వచ్చి మోటారు తగ్గించింది. శౌకీ. తొమ్మిదేళ్ళుగా తండ్రితో మాట లేదు, అయినా తలమీద టోపీ తీసి, "సలాం నాన్నా," అన్నాడు. జిలానీ చుక్కాని సరిచేసుకున్నాడు.

"సిగ్గు లేదురా నీకు?" అంది రౌధా.

"నేనొక్కణ్ణి రాకపోతే వీళ్ళంతా ఆగుతారా అక్కా? వీళ్ళల్లో సగం మంది అవతలి ఒడ్డు నుంచి వచ్చారు. మనూరికి కూడా ఓ పెట్టె దక్కాలిగా."

"మీ తాతల చోటురా ఇది!"

"అవును కదా. నా పదిహేనో ఏట అడిగాను ఆయన్ని. ఇరవయ్యో ఏట అడిగాను. నా పెళ్ళైనప్పుడు అడిగాను. అప్పటికి నాకు సంచి వల లేదు, ఏ వలా లేదు. 'చూద్దాం' అన్నాడు." శౌకీ తండ్రి వైపు చూడకుండా ఆమెకేసే చూస్తూ చెప్పాడు. వెటకారం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయింది రౌధా. "నాన్న నాకివ్వలేదు. నువ్విచ్చావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

పడవ ముందుకి పోయింది. జిలానీ తెరచాప తిప్పుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "పరికరాలు తెచ్చుకోలేదా? కొలుచుకో మరి. ఇప్పుడైతే తేలిగ్గా కొలవొచ్చు."

పంతొమ్మిది రోజులు గీకారు. దీవి తూర్పు ఒడ్డున ప్రతి శరత్తులోనూ ఎండుటాకులు కొట్టుకొస్తాయి. ఈసారి వచ్చింది పచ్చి గడ్డి, వేళ్ళతో సహా, మోకాలి ఎత్తు. ఎండకి నాలుగు రోజుల్లో కుళ్ళి ఊరంతా కంపు కొట్టింది. సంతలో చేప పిల్లలు గుట్టలు పోశారు, కొనే దిక్కులేక కొన్ని పారబోశారు. జాలర్ల కాఫీ కొట్లో రౌధా అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. ఎవరూ తిట్టలేదు. టీ కూడా ఇవ్వలేదు. కొట్టు మూలనుంచి ఒకాయన మాత్రం, వలలు కొరికేసే నీలి పీతలకి ఆ ఉగ్రవాదుల పేరు, 'దాయెష్' అని పెట్టుకున్నాం కానీ, తప్పు మనిషికి పెట్టామర్రా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తొంభై రోజులు పూర్తయ్యాయి. నౌఫెల్ ఫోన్ చేశాడు, సంతోషంగా.

"డాక్టర్ గారూ, ఒక్క అభ్యంతరం లేదు! అఖాతంలో ఇంతకుముందెప్పుడూ ఇలా జరగలేదు. జాలర్లు కూడా మనవైపే ఉన్నారన్నమాట. నిన్న సంతకం అయిపోయింది."

"నౌఫెల్ గారూ, అక్కడ గడ్డి లేదు. మీకు నాలుగు నివేదికలు పంపాను."

"చూశాను. బాధాకరం. డిక్రీ మాత్రం మ్యాప్ మీద ఉన్న హద్దులకి కదా. అవి మారలేదు." కాస్త ఆగి, "మళ్ళీ పెరగదా?" అన్నాడు.

"పెరుగుతుంది," అంది రౌధా. "మూడు వందల ఏళ్ళు ఆగితే."

తర్వాతి వారం నాలుగు మూలలా పసుపు పచ్చ తేలుడు గుర్తులు వేశారు. మరమ్మతులోంచి వచ్చిన రెండో గస్తీ పడవని అక్కడ పెట్టారు. డిక్రీలో ఏ రకమైన వేటా కూడదని ఉంది. మొదటి ముసాయిదాలో కుండలకు మినహాయింపు ఉండేదట. చివరి ప్రతిలో ఎవరో తీసేశారు, చదవడానికి శుభ్రంగా ఉంటుందని. సంచి వల వాళ్ళకి అక్కడ పనేమీ మిగల్లేదు, రావడం మానేశారు. ఆ నెలలో గస్తీ పడవ ఆపింది ఒకే ఒక్కణ్ణి. ఆయన తెరచాప విప్పుకుని, వాళ్ళ నాన్న కుండల కోసం వచ్చాడు.

కుండలు ఒడ్డుకి చేరేశాడు జిలానీ. ఇసుకలో వరసగా బోర్లించి, ఒక్కొక్కదానికి పట్టిన నాచు కత్తితో గీకుతూ కూర్చునే సమయానికి రౌధా వచ్చింది. చేతిలో కొత్త ఫారం ఉంది. కమిటీ ఎంతో సంతృప్తి చెంది రెండో విడతకి సిద్ధమైంది. 'మీ పరిధిలో సజీవమైన గడ్డి ఉన్న ఇతర ప్రాంతాలు' అని ఒక గడి. కింద పెద్ద ఖాళీ.

ఆ ఫారం చింపి సముద్రంలో పడేయొచ్చు. పడేస్తే ఇంకెవరినో పంపుతారు. రౌధా ఇసుకలో కూలబడి, ఒక కుండ తీసుకుని తనూ గీకడం మొదలుపెట్టింది. రెండో కుండ చేతిలోకి తీసుకుంటూ అడిగింది.

"మామయ్యా, ఇంకెక్కడైనా ఉందా?"

జిలానీ చెయ్యి ఆగలేదు.

"దక్షిణాన, పాత బావుల ఎదురుగా ఏదో ఉందని అమ్మ అనేది చిన్నప్పుడు."

ఆయన తలెత్తి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆఫీసులో గుమాస్తా కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"లేదు," అన్నాడు. "ఎక్కడా లేదు."

రౌధా పెన్ను తీసి గడిలో 'లేదు' అని రాసింది. మామయ్య తనకి అబద్ధం చెప్పడం ఆమె ఎరగదు. గీకుతున్న కుండ పక్కన పెట్టి, మొహం మోకాళ్ళలో దాచుకుని, ఈ ముసలాయన ఇప్పుడు తన మొహం మీద అబద్ధం చెప్పి ఉండాలి దేవుడా, తనని నమ్మక ఆ గడ్డిని దాచి ఉండాలి, అని ఏడుస్తూ వేడుకుంది.